వేషానికి కవచం: పొనికికర్ర నుంచి ప్లాస్టిక్ రేకు దాకా

యుద్ధంలో తొడిగే కవచానికీ, ఆటలో తొడిగే కవచానికీ పేరు ఒకటే కాని పని వేరు. మొదటిది కత్తివేటును ఆపవలెను. రెండవది చూచేవారి కంటిని ఒప్పించవలెను. మొదటిదానికి గట్టిదనం ముఖ్యం. రెండవదానికి తేలికదనం, ఆకారం ముఖ్యం. రాజు వేషం వేసినవాడు తెల్లవారే దాకా ఆడవలెను, పాడవలెను, గంతులు వేయవలెను. నిజమైన ఇనుప కవచం తొడిగితే రెండు పద్యాలకే ఊపిరి ఆడదు. కాబట్టి వేషధారులు మొదటినుంచీ ఒకే ప్రశ్నకు జవాబు వెదుకుతూ వచ్చినారు: బరువు లేకుండా బరువైనదిగా కనిపించే పదార్థమేది? ఈనాడు పట్టణాలలో యువకులు ఇంట్లోనే ప్లాస్టిక్ రేకుతో కవచాలు చేసుకొంటున్నారు. అదీ ఈ ప్రశ్నకు వచ్చిన జవాబులలో ఒకటి. దాని కంటె చాల పాత జవాబు మన పల్లెలలోనే ఉన్నది.

ఒకే నేల, రెండు కవచాలు

నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం ఒకప్పుడు ఉక్కుకు పేరుపొందిన ఊరు. ఇనుమును మట్టి మూసలలో కరిగించి, మెల్లగా చల్లార్చి ఇక్కడివారు ఉక్కుముద్దలు తీసేవారు. కత్తులు చేయడానికి ఈ ఉక్కును పారసీక వర్తకులు వచ్చి కొనుక్కొని పోయేవారు. భారతదేశపు సర్వే శాఖలో వైద్యుడుగా, భూవిజ్ఞానిగా పనిచేసిన హెన్రీ వాయ్సీ 1824లో మరణించినాడు. ఆయన ఈ ఉక్కు తయారీని స్వయంగా చూచి వ్రాసిన వర్ణన 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. ఆ కాలపు ఆయుధాలు, ఇనుప కవచాలు ఎట్లా ఉండేవో హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఈనాటికీ చూడవచ్చును.

పాత నిజామాబాద్ జిల్లా పల్లెలకు మరొక రకం కవచం కూడ తెలుసు. పిట్లం ఆ జిల్లాలోనిదే. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. ఈ సీమలో పేరుపొందిన ఆట చిందు యక్షగానం. చిందు భాగవతులు మాదిగ కులాన్ని ఆశ్రయించి బ్రతికిన కళాకారులు. జాంబపురాణం చెప్పడం, ఎల్లమ్మ వేషం కట్టడం, రాత్రంతా యక్షగానం ఆడడం వారి వృత్తి. ఇతర సంప్రదాయ నాటకాలలో ఆడవేషాలు కూడ మగవారే వేస్తున్న కాలంలో చిందులో స్త్రీలు రంగస్థలం మీదికి వచ్చినారు. నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ అట్టి నటీమణి; ఆమె 2005లో మరణించినది. జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ లభించడంతో ఈ కళ పేరు దేశమంతటా వినబడినది.

చిందు రాజు తల మీద కిరీటం, భుజాల మీద భుజకీర్తులు, రొమ్ము మీద ఆభరణాలు ధరించి వస్తాడు. దీపపు వెలుగులో అవి బంగారంలాగా మెరుస్తవి. కాని వాటిలో బంగారం గాని, ఇత్తడి గాని ఉండదు. అవి తేలిక కొయ్యను చెక్కి, రంగువేసి, మెరుపు కాగితాలు, అద్దపు బిళ్ళలు అంటించి చేసినవి. ఇందుకు వాడే కొయ్యలలో పొనికి ముఖ్యమైనది. కూచిపూడి నాట్యపు నగలకు కూడ బూరుగు వంటి తేలిక కొయ్యను వాడే ఆచారం ఉన్నది. కోనసముద్రపు ఉక్కు దూరదేశాలకు పోయినది. పొనికికర్ర కవచం ఊరి నడుమనే రాత్రంతా రాజ్యం చేసినది.

పొనికి చేసే పని

పొనికి, ఎండుగా ఉండే అడవులలో, గుట్టల మీద పెరిగే చెట్టు. దీని కొయ్య మెత్తన, మిక్కిలి తేలిక. చిన్న ఉలితో కోరుకొన్నట్లు చెక్కవచ్చును. నిర్మల్ బొమ్మలు, కొండపల్లి బొమ్మలు దీనితోనే చేస్తారు. ఆ బొమ్మల పనివారి పద్ధతిని గమనిస్తే అందులో ఎంతో శాస్త్రం కనబడుతుంది. ముందు కొయ్యను మెల్లగా వేడి చేసి అందులోని తేమను పోగొడతారు. తేమ ఉన్న కొయ్య తరువాత ఆరి, ముడుచుకొని, పగులుతుంది. తల, చేతులు, మొండెం విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. చింతగింజలోని పిండిపదార్థం జిగురు; పొట్టు ఆ జిగురుకు బలం. అతుకు ఎండినప్పుడు కొయ్యతోపాటే కొయ్యగా మారిపోతుంది. పైన తెల్లపూత పూస్తారు. అది కొయ్యలోని రంధ్రాలను మూసి, రంగు లోపలికి ఇంకకుండా ఆపుతుంది.

తేమ తీయడం, అతకడం, రంధ్రాలు మూయడం, రంగువేయడం: ఈ నాలుగు మెట్లను గుర్తుంచుకోవలెను. ప్లాస్టిక్ కవచంలో వీటిలో మూడు మళ్ళీ ఎదురవుతవి.

తేలికదనంలోని లెక్క

ఒక మనిషి రొమ్మును, వీపును కప్పే కవచానికి 4000 చదరపు సెంటీమీటర్ల రేకు కావలెననుకొందము. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం గల ఉక్కురేకు అయితే దాని ఘనపరిమాణం 600 ఘనసెంటీమీటర్లు. ఉక్కు సాంద్రత ఘనసెంటీమీటరుకు సుమారు 7.8 గ్రాములు. కాబట్టి రొమ్ము, వీపు కవచాలకే సుమారు 4.7 కిలోగ్రాములు. తల నుంచి పాదాల దాకా కప్పిన ఐరోపా యోధుల పూర్తి కవచాలు 15 నుంచి 25 కిలోగ్రాముల దాకా తూగేవి. అదే కవచాన్ని 3 మిల్లీమీటర్ల పి.వి.సి. రేకుతో చేస్తే దాని సాంద్రత సుమారు 1.4 కనుక బరువు 1.7 కిలోగ్రాములు. చెప్పుల అడుగులకు, పిల్లలు ఆడుకొనే చాపలకు వాడే నురుగు రబ్బరు వంటి రేకును తీసుకొందము. దాని పేరు ఇథిలీన్ వినైల్ అసిటేట్, క్లుప్తంగా ఇ.వి.ఎ. అందులో 0.1 సాంద్రత గలదానిని ఏకంగా 10 మిల్లీమీటర్ల మందంతో వాడినా బరువు 400 గ్రాములే.

ఇందులో రెండు మర్మాలున్నవి. మొదటిది మందానికి సంబంధించినది. ఒకే పదార్థంతో చేసిన రెండు పలకలలో ఒకదాని మందం రెండవదానికి రెండింతలైతే, అది వంగకుండా నిలిచే శక్తి రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది. అనగా ఆ శక్తి మందం యొక్క ఘనాన్ని అనుసరిస్తుంది. అందుచేత పదార్థంలో గాలిని చేర్చి, బరువు పెరగకుండా మందం పెంచగలిగితే లాభమే. గాలి చేరినందువలన పదార్థం కొంత మెత్తబడుతుంది నిజమే. కాని మందం వలన వచ్చే లాభం ఆ నష్టం కంటె ఎక్కువ. పొనికికర్రను ప్రకృతి ఈ విధంగానే నిర్మించినది: పలుచని గోడలు గల కణాలు, వాటిలో గాలి. ఇ.వి.ఎ. రేకును కర్మాగారం ఈ విధంగానే నిర్మిస్తుంది: పలుచని ప్లాస్టిక్ గోడలు, నడుమ బుడగలు. చిందు కళాకారుని భుజకీర్తిలోను, పట్టణ యువకుని నురుగు కవచంలోను బరువును తగ్గించినది గాలియే.

రెండవ మర్మం వంపు. ఒక కాగితపు పట్టీని ఒక చివర పట్టుకొంటే రెండవ చివర వాలిపోతుంది. అదే పట్టీని పొడుగునా దోనెవలె వంచి పట్టుకొంటే నిటారుగా నిలుస్తుంది. తరగతిలో విద్యార్థులు నిమిషంలో చేసి చూడగల ప్రయోగమిది. కవచానికి నడిమి గీటు, అంచు మడత, గూను ఉండడం అందానికి మాత్రమే కాదు. పలుచని రేకుకు అవే వెన్నెముక.

ప్లాస్టిక్కుల రాక

1862లో లండను ప్రదర్శనలో అలెగ్జాండర్ పార్క్స్ అనే ఆంగ్లేయుడు ప్రత్తి నుంచి వచ్చే సెల్యులోజుతో చేసిన ఒక కొత్త పదార్థాన్ని చూపినాడు. 1870లో అమెరికాలో జాన్ వెస్లీ హయత్ దానిని మెరుగుపరచి సెల్యులాయిడుగా పేటెంటు పొందినాడు. వేడి చేస్తే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. కాని తొందరగా అంటుకొంటుంది. దీపాల మధ్య ఆడేవారికి అది తగదు. 1907లో బేక్‌లాండ్ తయారుచేసిన బేకలైటు మంటకు ఓర్చేది; కాని ఒకసారి గట్టిపడితే మళ్ళీ మెత్తబడదు. కాల్చిన కుండను మళ్ళీ మట్టిముద్ద చేయలేనట్లే ఇదీ.

ప్లాస్టిక్కులలో రెండు జాతులున్నవని దీనివలన తెలుస్తుంది. బేకలైటు వంటివాటిలో పొడుగాటి అణువుల గొలుసులు ఒకదానితో ఒకటి అడ్డబంధాలతో ముడిపడి వలవలె ఉంటవి. వేడి ఆ ముడులను విప్పలేదు, మితిమీరితే తెంపివేస్తుంది. రెండవ జాతిలో గొలుసులు దాదాపు విడివిడిగా ఉండి, చల్లగా ఉన్నప్పుడు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని ఉంటవి. వేడి తగిలితే పట్టు సడలి జరుగుతవి. చల్లారితే కొత్త స్థానాలలో మళ్ళీ పట్టుకొంటవి. ఈ రెండవ జాతి ఉష్ణమృదు ప్లాస్టిక్కులే ఇంటి కవచానికి పనికివచ్చేవి.

ఈ జాతివి వరుసగా వచ్చినవి. 1926లో వాల్డో సెమన్ పి.వి.సి.ని వంగే పదార్థంగా మలచినాడు. 1933లో ఇంగ్లండులో గిబ్సన్, ఫాసెట్ అనే రసాయన శాస్త్రజ్ఞులకు పాలిథిన్ అనుకోకుండా లభించినది. ఎ.బి.ఎస్. అనే గట్టి ప్లాస్టిక్ 1950 తరువాత బజారుకు వచ్చినది. పి.వి.సి. సుమారు 80 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద, ఎ.బి.ఎస్. సుమారు 105 డిగ్రీల వద్ద గట్టిదనం కోల్పోవడం మొదలుపెడతవి. వీటన్నిటికంటె తక్కువ వేడికి లొంగేది పాలీకాప్రోలాక్టోన్. 60 డిగ్రీల వద్దనే కరుగుతుంది. వేడినీళ్ళలో ముంచి తీసి చేతికో మెడకో అద్ది ఆకారం తెచ్చే ఇట్టి రేకులను ఆసుపత్రులలో ఎముకలకు ఆధారపు కట్లుగా వాడుతారు. అట్టి పదార్థాలే తరువాత వేషధారుల చేతికి వచ్చినవి.

సినిమా నుంచి ఇంటికి

1939లో న్యూయార్కులో వైజ్ఞానిక కథాభిమానుల తొలి ప్రపంచ సమావేశం జరిగినది. అందులో ఫారెస్ట్ ఆకర్మన్, మర్టిల్ జోన్స్ అనేవారు భవిష్యత్కాలపు మనుష్యుల దుస్తులు ధరించి వచ్చినారు. ఆ దుస్తులు చేసినది మర్టిల్ జోన్స్. అభిమానులు తాము మెచ్చిన పాత్రల వేషం తామే చేసి తొడుక్కొనే ఆచారం అక్కడినుంచి పెరిగినది. 1983లో జపాను దేశపు నొబుయుకి తకహాషి దీనికి పెట్టిన ‘కాస్‌ప్లే’ అనే పేరు ఈనాడు లోకమంతటా చెల్లుతున్నది. హైదరాబాదులో 2013లో మొదటిసారి జరిగిన కామిక్ కాన్ ఉత్సవంతో ఈ వేడుక తెలుగుదేశానికి కూడ వచ్చినది.

ప్లాస్టిక్ కవచానికి ప్రఖ్యాతి తెచ్చినది 1977 నాటి ‘స్టార్ వార్స్’ సినిమా. అందులోని తెల్లని సైనికుల కవచాలు ఎ.బి.ఎస్. వంటి రేకులను శూన్యపు అచ్చుపద్ధతిలో మలచినవి. ఈ పద్ధతిలో రేకును వేడిచేసి మెత్తబరచి అచ్చు మీద పరుస్తారు. అడుగునుంచి గాలిని పీల్చివేస్తారు. అప్పుడు పైనున్న వాతావరణం చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలోగ్రాము బరువు పెట్టినట్లుగా రేకును అచ్చుకు అదిమివేస్తుంది. మన నెత్తి మీద ఎల్లప్పుడు ఉండే గాలియే ఇక్కడ సుత్తి.

ఆ శిరస్త్రాణాలను అచ్చుపోసిన ఆండ్రూ ఐన్స్‌వర్త్ తరువాత వాటి నకళ్ళు చేసి అమ్మగా, సినిమా సంస్థ వ్యాజ్యం వేసినది. 2011 జూలై 27న బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం ఆ శిరస్త్రాణం శిల్పం కాదనీ, సినిమా తీయడానికి వాడిన ఉపకరణమనీ తీర్పు చెప్పినది. ఒక ఆకారం ఎవరిది, దానికి విలువ ఎవరికి చెందవలెను అనే ప్రశ్న ఆ తీర్పు వెనుక ఉన్నది. ఆ ప్రశ్న మన పల్లెలకు కూడ వర్తిస్తుంది.

తెలుగు సినిమాలో కూడ ఈ మార్పు జరిగినది. 2015లో విడుదలైన ‘బాహుబలి’కి కళాదర్శకుడు సాబు సిరిల్ కత్తులను ఉక్కుతో కాక తేలికైన కార్బన్ ఫైబరుతో చేయించినారు.

చదునైన రేకు, వంపుల దేహం

రేకు చదునైనది, మనిషి దేహం చదునైనది కాదు. ఇంటి కవచంలోని అసలు కష్టం ఇక్కడ ఉన్నది. బఠాణీల పొట్లం చుట్టడానికి కాగితాన్ని కత్తిరించనక్కరలేదు; గొట్టం చేయడానికీ అక్కరలేదు. కాని చెంబు అడుగుకు కాగితం అంటించబోతే ముడతలు పడక తప్పవు. గుండ్రని ఉపరితలాన్ని సాగదీయకుండా, చింపకుండా చదును చేయడం అసాధ్యమని 1827లో గౌస్ అనే జర్మన్ గణితవేత్త ప్రకటించిన సిద్ధాంతం వలన తెలుస్తుంది. బత్తాయి తొక్కను బల్ల మీద చదునుగా పరచబోతే చినుగుతుంది, కారణమిదే.

దీనిని దాటడానికి మూడు దారులున్నవి. దర్జీది ఒక దారి: రవికెలో ముక్కోణపు మడత వేసి కుట్టి చదునైన బట్టకు గుండ్రదనం తెస్తాడు. కంసాలిది రెండవ దారి: రేకును కొట్టి నడుమ సాగదీస్తాడు. మూడవది పొనికికర్ర చెక్కేవానిది: అతడు చదునైన వస్తువుతో మొదలుపెట్టడు, దుంగలోనుంచి అక్కరలేనిదానిని తీసివేస్తాడు, కనుక గౌస్ సిద్ధాంతం అతనికి అడ్డురాదు. ప్లాస్టిక్ రేకుతో పనిచేసేవాడు మొదటి రెండు దారులనూ కలుపుతాడు. భుజం, మోకాలు వంటి చోట్ల ముక్కోణాలు కోసి అతుకుతాడు. వేడిచేసి గిన్నె మీద అదిమి కొంత సాగదీస్తాడు.

ఇందుకు ముందు కాగితపు నమూనా కావలెను. పాత బట్ట తొడిగిన మనిషికి పలుచని పాలిథిన్ కాగితం చుట్టి, దానిపై అంటుపట్టీలు వేసి, కవచపు గీతలు దానిమీదనే గీస్తారు. తరువాత గీతల వెంట కోసి తీస్తే దేహపు వంపులు చదునైన ముక్కలుగా చేతికి వస్తవి. ఒక దేహానికి ఒకసారి చేసిన నమూనా భద్రపరచదగినది.

ఇంట్లో చేసే పని, తీసుకొనే జాగ్రత్త

బోరుబావులున్న పల్లెలలో పి.వి.సి. గొట్టం ముక్కలు దొరకడం కష్టం కాదు. 110 మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టాన్ని పొడుగునా ఒక గీతగా కోసి, వేడిచేసి, రెండు పలకల మధ్య అదిమితే సుమారు 34 సెంటీమీటర్ల వెడల్పు గల రేకు లభిస్తుంది. వృత్తపరిధి సూత్రం ఇక్కడ ఉపయోగపడుతుంది. ఇ.వి.ఎ. రేకు అయితే పదునైన కత్తితో కోసి, వేడిగాలి తగిలించి, వంచి, చల్లారే దాకా పట్టుకొంటే చాలును. వేడిగాలి దాని పైపొరలోని బుడగలను కూడ మూస్తుంది. పైన తెల్లజిగురు రెండు మూడు పూతలు వేస్తే రంగు ఇంకదు. బొమ్మల పనివారి తెల్లపూత చేసే పని ఇక్కడ ఈ జిగురు చేస్తుంది.

కాని కొయ్యకు లేని అపాయాలు ప్లాస్టిక్‌కు ఉన్నవి. పి.వి.సి.లో క్లోరిన్ ఉన్నది. వేడి మితిమీరితే అందులోనుంచి హైడ్రోజన్ క్లోరైడు వాయువు వెలువడుతుంది. అది తడి తగిలితే హైడ్రోక్లోరికామ్లం; మన కళ్ళు, ముక్కు, ఊపిరితిత్తులు ఎప్పుడూ తడిగానే ఉంటవి. కనుక పి.వి.సి.ని మంట మీద పట్టరాదు, మూసిన గదిలో వేడిచేయరాదు. పని పిల్లలకు వదలక పెద్దలే చేయవలెను. అతికే జిగురులలోని ద్రావకాల ఆవిరి మంటను అందుకొంటుంది, తల తిప్పుతుంది. రుద్దినప్పుడు లేచే పొడికి ముక్కుకు గుడ్డ చాలదు. తగిన ముసుగు కావలెను. పాఠశాల నాటకానికి అట్ట, ఇ.వి.ఎ. రేకు, తెల్లజిగురు అన్నిటికంటె క్షేమం.

మరొకటి. మన దేహం చెమట ఆవిరి అయినప్పుడు చల్లబడుతుంది. ప్లాస్టిక్ కవచం ఆ ఆవిరిని పోనీయదు. ఎండాకాలంలో దీనిని ఎక్కువసేపు తొడిగితే వడదెబ్బ తగలవచ్చును. లోపల నూలుబట్ట, ప్రక్కల గాలి సందులు, నడుమ నడుమ విరామం తప్పనిసరి.

పోయేదీ, మిగిలేదీ

ఈ చరిత్రలో లాభమూ ఉన్నది, నష్టమూ ఉన్నది. ఒకప్పుడు వేషపు కవచం చేయడం కొన్ని కుటుంబాల చేతి విద్య. ఈనాడు కత్తి, రేకు, కాగితం ఉన్న ఏ విద్యార్థియైనా చేయగలుగుతున్నాడు. ఇది మంచిదే. కాని రేకు ఎక్కడైనా దొరుకుతుంది, ఆకారం దొరకదు. చూచి చేయడానికి నమూనా లేనివాడు బజారులో కనబడిన పరదేశపు సైనికుని కవచమే చేస్తాడు. భుజకీర్తి ఎంత వెడల్పు ఉంటే దూరాన కూర్చున్నవానికి రాజు భుజం విశాలంగా కనబడుతుందో, కిరీటం ఎంత ఎత్తైతే గంతువేసినప్పుడు తూలదో చిందు కళాకారులకు తెలుసు. ఆ కొలతలు గ్రంథాలలో కాక చేతులలో ఉన్నవి. ఆటలు తగ్గిన కొద్దీ ఆ చేతులూ తగ్గుతవి. పొనికిచెట్టు కూడ అడవులలో అరుదవుతున్నది; కోసినచోట మళ్ళీ నాటకపోతే కొయ్యా ఉండదు, చెక్కేవాడూ ఉండడు.

పొనికికర్ర పాడైతే మట్టిలో కలుస్తుంది. ప్లాస్టిక్ కవచం ఒక్కరోజు వేడుకకు చేసినదైనా ఎన్నో తరాలు మిగులుతుంది. కనుక దానిని ఒకసారి తొడిగి పారవేయక, బాగుచేసుకొంటూ ఏళ్ళతరబడి వాడడం న్యాయం.

పిట్లం వంటి ఊళ్ళ ఉన్నత పాఠశాలలకు ఇందులో చేయదగిన పని ఒకటి ఉన్నది. చుట్టుప్రక్కల చిందు మేళం ఉన్నచోట, వారి అనుమతితో, వారి శ్రమకు తగిన ప్రతిఫలమిచ్చి, ఒక కిరీటాన్నీ ఒక జత భుజకీర్తులనూ విద్యార్థులచేత కొలిపించవలెను. పొడవు, వెడల్పు, మందం, బరువు వ్రాసి, గళ్ళ కాగితం మీద నమూనా గీసి, చెక్కినవారి పేరు దానిపై ఉంచవలెను. ఆ నమూనా నుంచి వార్షికోత్సవపు నాటకానికి ఇ.వి.ఎ. రేకుతో ఒక కవచం కోయవచ్చును. దానిని కొయ్యదానితో ప్రక్కప్రక్కన తూచి, సాంద్రత లెక్కకట్టి, ఏది ఎందుకు తేలికయో తరగతిలో చర్చించవచ్చును. ఒక పాఠంలోనే భౌతికశాస్త్రం, జ్యామితి, తమ ఊరి చరిత్ర మూడూ విద్యార్థులకు అందుతవి. చేతులలో ఉన్న కొలతలు కాగితం మీదికి వస్తవి.